పరమాణువు ముంగిటికి వచ్చిన కథ

భద్రాచలము వెళ్ళే యాత్రికులు సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి ఆవలి ఒడ్డుకు చేరుతారు. వంతెన ఎక్కక, నది వెంట ఎగువకు మణుగూరు దారి పట్టినవారికి కొంతదూరములో అశ్వాపురము వస్తుంది. ఒక ప్రక్క అడవి, ఒక ప్రక్క నది, నడుమ ఆకాశములోనికి లేచిన ఉక్కు గోపురములు. రాములవారి గోపురము చూడవచ్చినవారు ఈ గోపురములను చూసి ఇవి ఏమిటని అడుగుతూ ఉంటారు. ఇది భారత ప్రభుత్వ అణుశక్తి శాఖవారి భారజల కర్మాగారము. 1991లో ఉత్పత్తి ప్రారంభమైనది. అప్పుడు ఈ ప్రాంతము ఖమ్మము జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పటినుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది.

కొన్నేండ్ల క్రిందట ఆ దారిన బస్సులో పోతున్నాను. ప్రక్కన ఒక కోయ ముసలమ్మ కూర్చున్నది. ఒడిలో ఇప్పపూల మూట. నా చేతిలోని పుస్తకములు చూసి పలకరించింది.

“పిల్లలకు చదువు చెప్పే సారువా? ఏం చదువు చెప్తవు?”

“సైన్సు అవ్వా.”

“అట్లయితే చెప్పు సారూ. ఆ గోపురాలల్ల బాంబు నీళ్ళు కాస్తరంట గదా. ఆ నీళ్ళు గోదాట్ల కలిస్తే చేపలు బతుకుతయా?”

“బాంబు నీళ్ళు కాదవ్వా, బరువు నీళ్ళు. గోదావరి నీళ్ళల్లనే ఉంటయి. వాటిని ఏరి తీస్తరు.”

“నీళ్ళల్ల బరువు నీళ్ళు, తేలిక నీళ్ళు వేరే ఉంటయా? ఏదీ, చూపియ్యి.”

చూపలేకపోయాను. భౌతికశాస్త్రములో ఎం.ఎస్‌సి. పట్టము పుచ్చుకొని, పదేండ్లుగా కళాశాలలో పాఠములు చెబుతున్నవాడను. నల్లబల్ల మీద సమీకరణములు వ్రాయగలను గాని, ఇప్పపూల మూటతో ఉన్న అవ్వకు చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. అవ్వ తన ఊరు రాగానే దిగిపోయింది. ఆమె అడిగినది మాత్రము నన్ను వదలలేదు. కంటికి కనిపించని పరమాణువును సామాన్య కుటుంబములకు చూపడానికి ఇంతవరకు లోకములో ఎవరెవరు ప్రయత్నించారు? ఎట్లు చూపారు? దాని ఫలితము ఏమైనది? అని వెదకడము మొదలుపెట్టాను.

ఈ కథలో మొదట చెప్పదగినది మేరీ క్యూరీ నడిపిన ఒక చిన్న తరగతి. 1906లో ఆమె భర్త పియరీ బండిక్రింద పడి మరణించాడు. మరుసటి సంవత్సరము, తన పెద్దకుమార్తె ఐరీన్‌కు పదేండ్ల వయస్సు వచ్చేసరికి, పారిస్‌లో తనతోపాటు పనిచేసే ఆచార్యులతో కలిసి ఆమె ఒక ఏర్పాటు చేసింది. పిల్లలను రోజంతా గదులలో కూర్చోబెట్టే బడులు మనకు వద్దు, మన పిల్లలకు మనమే వంతులవారీగా పాఠములు చెప్పుకొందాము అన్నది ఆ ఏర్పాటు. జాన్ పెర్రిన్ రసాయనశాస్త్రము, పాల్ లాంజివిన్ గణితము, మేరీ క్యూరీ భౌతికశాస్త్రము. పిల్లలు ఓ పదిమంది. వారిలో ఇజబెల్ షవాన్ అనే బాలిక ఆ పాఠములను శ్రద్ధగా పుస్తకములో వ్రాసుకొన్నది. దాదాపు నూరేండ్ల తరువాత, 2003లో, ఆ వ్రాతలు ఫ్రాన్సులో గ్రంథముగా వెలువడినవి.

రేడియమును కనుగొన్న శాస్త్రజ్ఞురాలు పిల్లలకు ఏమి చెప్పి ఉంటుంది? రేడియము గురించి అనుకొంటాము. ఆ పాఠములలో రేడియము లేదు. గాలికి బరువు ఉన్నదా, సీసాలో ఏమీ లేదంటే నిజముగా ఏమీ లేదా, వంకరటింకర రాయి సాంద్రతను ఎట్లు తెలుసుకోవాలి, కోడిగ్రుడ్డు నీటిలో ఎందుకు మునుగుతుంది, ఉప్పునీటిలో ఎందుకు తేలుతుంది, ఇవే పాఠములు. సైకిలు చక్రములోని ఉక్కు గుండును సిరాలో ముంచి ఏటవాలు పలక మీద దొర్లిస్తే అది తన దారిని తానే గీసుకొంటూ పోయేది. పడే వస్తువు నడక ఎట్టిదో పిల్లలు ఆ గీతను చూసి తెలుసుకొనేవారు. ఒకనాడు ఆమె, ఈ గిన్నెలోని నీరు వేడి తగ్గకుండ ఉండాలంటే ఏమి చేయాలి అని అడిగిందట. ఒకరు ఉన్నిబట్ట చుట్టాలన్నారు, ఇంకొకరు మరేదో ఉపాయము చెప్పారు. అంతా విని ఆమె, నేనైతే మొదట మూత పెడతాను అన్నదట. మన వంటింటి అమ్మలు ఎవరైనా ఆ మాటే అని ఉండేవారు. 1934లో ఐరీన్, ఆమె భర్త ఫ్రెడరిక్ జోలియో కలిసి కృత్రిమ రేడియో ధార్మికతను కనుగొన్నారు. మరుసటి సంవత్సరము వారికి నోబెల్ బహుమానము వచ్చింది. కోడిగ్రుడ్డు పాఠమువల్లనే ఇది సాధ్యమైనదని నేను అనను. అయితే ఆ పిల్ల తూచడము, చూడడము, లెక్కపెట్టడము ఆ వయస్సులోనే నేర్చుకొన్నది.

ఆ కాలములోనే, ఆ గది వెలుపల, పరమాణువు వేరొక వేషముతో జనములోనికి వచ్చింది. 1903లో సర్ విలియమ్ క్రూక్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు యశద గంధకిదము పూసిన చిన్న పలక ముందు రేడియము నలుసు ఉంచి, పైన ఒక కటకము బిగించి, స్పింథరిస్కోపు అనే చిన్న గొట్టమును తయారుచేశాడు. చీకటిగదిలో కంటికి ఆనించుకొని చూస్తే మిణుగురులవలె మెరుపులు కనిపిస్తాయి. ఒక్కొక్క మెరుపు ఒక్కొక్క పరమాణువు పగిలిన గుర్తు. ఇది నిజముగా గొప్ప పరికరము. ఒక్క పరమాణువు చేసే పనిని మానవుని కన్ను చూడగలగడము అదే మొదలు. ధనికుల ఇండ్లలో విందులకు వచ్చినవారికి దీనిని చూపి వినోదపరిచేవారు.

మెరుపును చూపినవారు దానివెంట చెప్పవలసిన మాట చెప్పలేదు. చీకటిలో వెలిగేది ఏదైనా మేలు చేస్తుందని జనము నమ్మారు. రేడియము కలిపిన టానిక్కులు అంగళ్ళలో వచ్చాయి. ఎబెన్ బయర్స్ అనే అమెరికా ధనికుడు రేడియము నీటిని సీసాల తరబడి త్రాగి, దవడ ఎముక శిథిలమై 1932లో మరణించాడు. అంతకుముందే గడియారపు ముఖములకు వెలిగే రంగు వేసే పడుచుపిల్లలు, కుంచె మొన సన్నగా ఉండడానికి పెదవులతో తడిపి, ఎముకలు కుళ్ళి బాధపడ్డారు. ప్రమాదము లేదని వారికి పైవారు చెప్పినందున, వినోదముగా గోళ్ళకు కూడ ఆ రంగు వేసుకొన్నవారు ఉన్నారు. న్యూజెర్సీలో కొందరు న్యాయస్థానమునకు వెళ్ళి 1928లో పరిహారము పొందారు. అప్పటికే వారి ఆరోగ్యము చేయిదాటిపోయింది.

1945లో హిరోషిమా, నాగసాకి నగరముల మీద పడిన బాంబులతో కథ తలక్రిందులైనది. అంతవరకు వెలుగు అనుకొన్నది భయముగా మారింది. భయమును పోగొట్టి పరమాణువుతో చెలిమి చేయించాలని అమెరికాలో అనేక విధముల ప్రయత్నాలు జరిగినవి. 1950లో గిల్బర్ట్ అనే బొమ్మల కంపెనీవారు బాలురకోసము ఒక అణుశక్తి పెట్టెను అమ్మకానికి పెట్టారు. అందులో గైగర్ గణకము, మేఘపేటిక, స్పింథరిస్కోపు, నాలుగు రకముల యురేనియము ఖనిజపు ముక్కలు. వెల దాదాపు 50 డాలర్లు. ఆ రోజులలో అది సామాన్య కుటుంబము పిల్లవాని బొమ్మకు పెట్టగల సొమ్ము కాదు. అయిదువేల పెట్టెలైనా అమ్ముడుపోలేదు. ఒకటి రెండు సంవత్సరములలో ఆపివేశారు. ఆ పెట్టె కూర్పులో నిజముగా తెలివి ఉన్నది, నేను దానిని ఎగతాళి చేయను. పిల్లల చేతికి యురేనియము ఇవ్వనవసరము లేకుండానే అందులోని ముఖ్యమైన సంగతులు నేర్పవచ్చునని మాత్రము నా అభిప్రాయము.

1953 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో శాంతికొరకు పరమాణువు అనే ప్రసంగము చేశాడు. 1955 ఆగస్టులో జినీవాలో పెద్ద సభ జరిగింది. అధ్యక్షత వహించినది మన హోమీ భాభా. ఆ ప్రదర్శనలో ఒక చిన్న రియాక్టరును నీటి తొట్టిలో ఉంచి నడిపించి చూపారు. నీటి అడుగున నీలికాంతి వెలుగుతుంటే జనము బారులు తీరి చూశారు. ఆ ఏటనే ఢిల్లీలో జరిగిన భారత పరిశ్రమల ప్రదర్శనలో అమెరికావారి పరమాణు మందిరము వెలసింది. అద్దపు గోడ ఈవల మనిషి చేయి కదిపితే ఆవల యంత్రపు చేయి కదిలేది. తరువాతి సంవత్సరము, 1956 ఆగస్టు 4న, ట్రాంబేలో మన మొదటి రియాక్టరు పనిచేసింది. దానికి అప్సర అని పేరు పెట్టినది నెహ్రూగారు.

ప్రదర్శనలు చెడ్డవని కాదు. నా తరము ఉపాధ్యాయులలో చాలామందికి శాస్త్రముపై మక్కువ పుట్టినది హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన మందిరమువంటి చోట్లనే. అయితే నీలికాంతిని చూసినవాడు అబ్బురపడి ఇంటికి వెళ్తాడు. ఇంటికి వెళ్ళిన తరువాత చేయడానికి వానికి ఏమీ ఉండదు. పైగా అశ్వాపురము నుండి హైదరాబాదు వెళ్ళి రావడానికి ఒక కుటుంబమునకు అయ్యే ఖర్చు ఎంతో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు.

తెలుగునేలమీద పరమాణు విజ్ఞానము మొదట విశ్వవిద్యాలయములో దిగింది. పశ్చిమగోదావరి ప్రాంతములోని గోరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యాడు. యూరపు వెళ్ళి, ప్రాగులో ఎక్స్ కిరణములపైన, లివర్‌పూలులో చాడ్విక్ వద్ద కేంద్రక భౌతికశాస్త్రములోను పరిశోధన చేసి, తిరిగి వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పాడు. కాషాయము కట్టినవాడు బీటా కిరణములను కొలిచాడంటే మా విద్యార్థులు నేటికీ ఒక పట్టాన నమ్మరు. తరువాత కర్మాగారములు వచ్చినవి. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, 1971లో అణు ఇంధన సముదాయము, 1991లో మన గోదావరి ఒడ్డున భారజలము. ఈనాడు దేశములోని అనేక రియాక్టరులకు ఇంధనము హైదరాబాదులో తయారవుతున్నది. వాటికి కావలసిన భారజలములో ముఖ్యమైన వంతు అశ్వాపురమునుండి పోతున్నది. ఆ విజ్ఞానము చుట్టుప్రక్కల ఇండ్ల ముంగిళ్ళకు మాత్రము ఇంకా సరిగా చేరలేదు. అవ్వ ప్రశ్నకు మూలము అక్కడనే ఉన్నది.

ఇంతకూ ఈ భారజలము ఏమిటి? నీరు ఉదజని, ఆమ్లజనుల కలయిక అని ఎనిమిదవ తరగతి పిల్లలకు తెలుసు. ఉదజని పరమాణువులు చాలవరకు ఒకే బరువుగలవి. సుమారు 6,500లో ఒకటి మాత్రము రెట్టింపు బరువు ఉంటుంది. దాని కేంద్రకములో ప్రోటానుతోపాటు ఒక న్యూట్రాను కూడ ఉండడమే కారణము. 1931 చివరలో అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ యూరే దీనిని కనుగొన్నాడు. 1934లో ఆయనకు నోబెల్ బహుమానము లభించింది. ఈ భార ఉదజనితో ఏర్పడిన నీరే భారజలము. లీటరుకు మామూలు నీటికంటే నూరు గ్రాములకు పైగా ఎక్కువ తూగుతుంది. 3.8 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది. ఆ గడ్డ మామూలు నీటిలో వేస్తే తేలదు, రాయివలె మునుగుతుంది. చూపియ్యి అన్న అవ్వకు చూపవలసినది ఆ గడ్డనే. అయితే భారజలము అంగడిలో దొరికేది కాదు, ప్రభుత్వ నియంత్రణలో ఉండే పదార్థము. రుచి ఎట్లుంటుంది అని విద్యార్థులు తప్పక అడుగుతారు. 1935లో యూరే, మరొక శాస్త్రజ్ఞుడు చప్పరించి చూసి మామూలు నీటివలెనే ఉన్నదన్నారు. 2021లో జరిగిన పరిశోధనలో కొద్దిగా తియ్యగా ఉంటుందని తేలింది. యూరే నాలుక పొరపాటు తేలడానికి 86 సంవత్సరములు పట్టింది.

శ్రీరామనవమికి వచ్చిన భక్తుడు స్నానఘట్టములో 15 లీటర్ల బకెట్టు నీరు నెత్తిన పోసుకొంటే, అందులో భారజలమును లెక్కగడితే రెండున్నర గ్రాములు, అనగా అర చెంచా ఉంటుంది. రాములవారి తీర్థములోను ఉన్నది, అవ్వ కుండలోను ఉన్నది. టన్ను నీటిలో సుమారు 170 గ్రాములు. కర్మాగారమును ఏటికి 185 టన్నులు తీయడానికి నిర్మించారు. నీటిలో ఉన్నదంతా పూర్తిగా పిండగలిగినా పదకొండు లక్షల టన్నుల నీరు కావలసి ఉంటుంది. ఆచరణలో ఈ పద్ధతి సుమారు ఐదవ వంతునే పట్టుకోగలదు గనుక అందుకు ఐదు రెట్లు నీరు కావాలి. గోదావరి ఒడ్డున, సింగరేణి బొగ్గు ప్రక్కన దీనిని ఎందుకు పెట్టారో విద్యార్థులు ఈ లెక్కతోనే చెప్పగలరు.

తీసే ఉపాయము చిత్రమైనది. నీటిని, హైడ్రోజన్ సల్ఫైడు వాయువును గోపురములలో ఎదురెదురుగా పంపుతారు. సుమారు 30 డిగ్రీల చల్లదనములో భార ఉదజని వాయువును వదిలి నీటిని ఎక్కువగా ఆశ్రయిస్తుంది. 130 డిగ్రీల వేడిలో ఆ మొగ్గు తగ్గి నీటినుండి వాయువులోనికి పోతుంది. మిరపకోతల కాలములో ఖమ్మము చేలకు వచ్చి, కోత అయిపోగానే స్వస్థలములకు మళ్ళే కూలీలను చూసినవారికి ఇది సులభముగా తెలుస్తుంది. ఈ వలసను మళ్ళీ మళ్ళీ జరిపించి భార ఉదజనిని ఒకచోట పోగుచేస్తారు. చివరకు శూన్యములో బట్టీపట్టి శుద్ధిచేస్తారు.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలసి ఉన్నది. క్రొత్తగా తీసిన భారజలమునకు రేడియో ధార్మికత లేదు. రియాక్టరులో న్యూట్రానులు తగిలిన తరువాత అందులో ట్రిటియము పుడుతుంది. ఆ సంగతి రియాక్టరు దగ్గరిది, అశ్వాపురముది కాదు. అశ్వాపురములో జాగ్రత్తపడవలసినది కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసనగల ఆ వాయువు విషయములో. అది విషవాయువు. గాలికంటే బరువైనది గనుక పల్లములో చేరుతుంది. పలుచగా ఉన్నప్పుడు ముక్కుకు తెలుస్తుంది. మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది గనుక వాసన పోయింది, ప్రమాదము తప్పింది అనుకోరాదు. కర్మాగారమునుండి నదికి మళ్ళే నీటిలో కరగిన ఈ వాయువును ఆవిరితో వెళ్ళగొట్టిన తరువాతనే ఆ నీటిని వదలవలసి ఉంటుంది. అవ్వ బాంబు అన్న మాటలో పొరపడింది గాని, నీటిలో ఏమి కలుస్తున్నది, చేపలు ఏమవుతాయి అన్న ప్రశ్న సరియైన ప్రశ్నే. బాంబు మాటకు నవ్వి అసలు ప్రశ్నను దాటవేయడము శాస్త్రము చదివిన మా బోటివారు చేసే తప్పు.

ఆ తరువాత మేము కొందరు ఉపాధ్యాయ మిత్రులము కలిసి, సెలవులలో ఒక గూడెము బడిలో, తల్లిదండ్రులను, తాతలను కూడ పిలిచి కొన్ని సాయంకాలములు గడిపాము. మొదటి ప్రయత్నము భంగపడింది. మేఘపేటిక చేద్దామని నేనే పట్టుబట్టాను. మేఘపేటికను మొదట చేసినవాడు సి.టి.ఆర్. విల్సన్, 1911లో. మేము తలపెట్టిన రకము కొంచెము వేరు. గాజుపాత్రలో సారాయపు ఆవిరిని బాగా చల్లబరిస్తే, అంతరిక్షమునుండి వచ్చే కణములు పోయిన దారివెంట తెల్లని గీతలు కనిపిస్తాయి. దానికి ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువు కావాలి. మాకు దొరకలేదు. మంచుగడ్డ, ఉప్పు కలిపితే చాలునేమో అనుకొన్నాను. ఏప్రిల్ నెల ఎండలో ఆ చల్లదనము చాలలేదు. గంటసేపు చూసి పిల్లలు మంచు తినివేశారు.

మరునాడు మేరీ క్యూరీ కోడిగ్రుడ్డు దగ్గరకు వచ్చాము. రెండు గిన్నెలు, ఒకదానిలో మంచినీరు, ఇంకొకదానిలో బాగా ఉప్పు కలిపిన నీరు. చూపుకు రెండూ ఒకటే. గ్రుడ్డు ఒకదానిలో మునిగింది, ఒకదానిలో తేలింది. చూడడానికి ఒక్కతీరుగా ఉన్న నీళ్ళకు బరువు వేరుగా ఉండవచ్చునని అందరికి తెలిసింది. ఇది పోలికేగాని భారజలమునకు నిరూపణ కాదని, ఉప్పు వేరే వస్తువని, భారజలము తానే నీరని చెప్పాము. అప్పుడు ఏడవ తరగతి పిల్ల ఒకతె, బరువు నీళ్ళయితే కుండ అడుగుకు దిగాలి గదా సార్, అడుగు నీళ్ళు ముంచుకుంటే పోలా, కర్మాగారమెందుకు? అన్నది. ఇంత మంచి ప్రశ్న నన్ను బి.ఎస్‌సి. తరగతిలో ఎవరూ అడగలేదు. అణువులు క్షణము నిలువవు, ఒకదానినొకటి తోసుకొంటూ కలియతిరుగుతాయి, ఉదజనులను ఒకరికొకరు మార్చుకొంటూనే ఉంటాయి, అందువల్ల అడుగుకు దిగవు, అందుకే గోపురములు అన్నాము.

రియాక్టరులో భారజలము చేసే పని చూపడానికి గోలీలు చాలినవి. వేగముగా పోయే గోలీ రోలుకు తగిలితే అంతే వేగముతో వెనుకకు వస్తుంది. సమానమైన గోలీకి సూటిగా తగిలితే తన వేగమంతా దానికిచ్చి ఆగిపోతుంది. యురేనియము పగిలినప్పుడు వెలువడే న్యూట్రానును నెమ్మదింపజేయడానికి తేలిక కేంద్రకములు కావలసినది ఇందుకే. ఉదజనితో సుమారు 18 మార్లు, భార ఉదజనితో 25 మార్లు ఢీకొంటే చాలు. యురేనియముతోనే అయితే రెండువేలకు పైగా కావాలి. మరి మామూలు నీరే మేలు గదా అంటే, మామూలు ఉదజని న్యూట్రానును అప్పుడప్పుడు మింగివేస్తుంది. భార ఉదజని దాదాపు మింగదు. పగిలే రకము నూటికి 0.7 వంతు మాత్రమే ఉన్న సహజ యురేనియముతో రియాక్టరు నడపాలంటే ఒక్క న్యూట్రానును కూడ వృథా చేసుకోరాదు.

అన్నింటికంటే ఇంటిల్లిపాదికి నచ్చినది చింతపిక్కల ఆట. అష్టాచెమ్మకు వాడే విధముగా పిక్కలను ఒక ప్రక్క అరగదీసి తెల్లగా చేయాలి. మేము 128 పిక్కలు తీసుకొన్నాము. చాటలో పోసి విసరి, తెల్లముఖము పైకి పడినవాటిని తీసివేసి, మిగిలినవాటిని లెక్కించి, మళ్ళీ విసరాలి. మాకు మిగిలినవి వరుసగా 66, 31, 17, 7, 4, 1. ఏ పిక్క ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. విసరుకు దాదాపు సగము పోతాయని మాత్రము అందరూ చెప్పగలరు. రేడియో ధార్మిక పదార్థములో సగము పరమాణువులు మారిపోవడానికి పట్టే కాలమును అర్ధజీవితకాలము అంటారు. అయోడిన్ 131కి అది 8 దినములు, ట్రిటియమునకు పన్నెండేండ్లకు పైగా, మన శరీరములోను అరటిపండులోను ఉండే పొటాషియము 40కి సుమారు 125 కోట్ల సంవత్సరములు. పెద్దమనిషి శరీరములో సెకనుకు నాలుగువేలకు పైగా పొటాషియము పరమాణువులు పగులుతూనే ఉంటాయన్నప్పుడు ఒక తాత తన చేతులవంక చూసుకొన్నాడు.

ఒకామె గవ్వలతో ఆడిచూద్దామన్నది. గవ్వ బోర్లపడడము, వెల్లకిల పడడము సమానము కాదు గనుక సగము లెక్క తప్పింది. గీత ఆకారము మాత్రము అదే విధముగా, మొదట గబగబ, పిదప నెమ్మదిగా దిగివచ్చింది. పదార్థమును బట్టి వేగము మారుతుంది, నియమము మారదు అన్న సంగతి గవ్వలే చెప్పినవి. ఉపాధ్యాయులు ఈ రెండు ఆటలను గళ్ళకాగితము మీద ప్రక్కప్రక్కన గీయించగలరు.

చివరి సాయంకాలము వాయువును గురించి మాట్లాడుకొన్నాము. ప్రమాద హెచ్చరిక వినిపిస్తే గాలి వీచే దారికి అడ్డముగా నడవాలని, పల్లములో కాక మెరకకు చేరాలని, గాలివాటము తెలుసుకోవడానికి కట్టిన జెండాను చూడాలని చెప్పాము. పిల్లలు పాత గుడ్డతో జెండా కుట్టి వెదురుకర్రకు కట్టారు. అంతా బాగున్నదనుకొంటుంటే ఒక పిల్లవాడు లేచాడు.

“రాత్రిపూట జెండా కనపడదు గదా సారూ. అప్పుడు గాలి ఎటు కొడుతుందో ఎట్ల తెలుస్తది?”

మా పుస్తకములో దానికి సమాధానము లేదు. వెనుక అరుగుమీద కూర్చున్న తాత చూపుడువ్రేలు నోట తడిపి పైకెత్తాడు. “ఏ దిక్కు చల్లబడితే ఆ దిక్కు నుంచి వస్తున్నట్టు. వేటకు పోయినప్పుడు గట్లనే చూస్తం” అన్నాడు. తడి ఆవిరి కావడానికి వేడిని తీసుకొంటుంది గనుక గాలి తగిలే ప్రక్క చల్లబడుతుందని నేను వివరించబోయాను. ఎవరూ వినడము లేదు. అప్పటికే బడి ముంగిటిలో పిల్లలు, తల్లులు వ్రేళ్ళు తడిపి ఎత్తిపట్టుకొని, గోదావరి వైపునుండి, కాదు అడవి వైపునుండి అని వాదించుకొంటున్నారు.